ఆరేళ్ళ డీజిల్ క్రెటానా, కొత్త చిన్న ఎస్‌యూవీనా? ఖమ్మం మాస్టారి ఉత్తరానికి జవాబు

ప్రశ్న: అన్నా నమస్తే. నేను ఖమ్మంలో గవర్నమెంట్ టీచర్ని. ఇంట్లో నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు (ఒకడికి తొమ్మిది, చిన్నదానికి నాలుగు), మా అమ్మ. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఇప్పుడున్న 2013 ఆల్టోలోంచి దింపాలంటే ఇద్దరం పట్టుకోవాలి. నెలకి ఏడు వందల కిలోమీటర్లు తిరుగుతా, ఎక్కువ స్కూలుకీ బజారుకే, నెలకోసారి సత్తుపల్లి దగ్గర మా ఊరికి, అప్పుడప్పుడు హైదరాబాద్. చేతిలో నాలుగున్నర లక్షలు ఉన్నాయి, మిగతాది లోన్. మా బావమరిది హైదరాబాద్‌లో పాత కార్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో 2020 డీజిల్ క్రెటా చూశాడు, ఏపీ 39 నంబర్, 68 వేలు తిరిగింది, పదిన్నర లక్షలు చెప్తున్నారు. "ఈ రేటుకి కొత్తది కొంటే డబ్బా బండి వస్తది బావా" అంటాడు. మా ఆవిడేమో కొంటే కొత్తదే అంటుంది. ఏం చెయ్యమంటారు? ఇంకోటి, కొత్త బండి తీసుకుంటే మొదటి వారంలోనే భద్రాచలం తీసుకెళ్ళొచ్చా? అమ్మ మొక్కుకుంది.

జవాబు: మాస్టారూ, ముందు తేల్చి చెప్పేస్తా. ఆ క్రెటా వద్దు. క్రెటా మంచి బండి కాదని కాదు, మీ తిరుగుడికి అది సరిపడే బండి కాదు, ఆ పదిన్నర అనేది దాని అసలు ధర కూడా కాదు. మీ ఆవిడ చెప్పిందే ఈసారి లెక్కల్లో కూడా కరెక్ట్ అవుతుంది, ఎందుకో చెప్తా. బావమరిదితో గొడవ పెట్టుకోకండి, ఆయన చెప్పింది ఏడాదీ రెండేళ్ళ కింద అయితే నిజమే, మధ్యలో రేట్లు మారిపోయాయి అంతే.

2025 సెప్టెంబర్ 22 నుంచి కార్ల మీద జీఎస్టీ మారింది కదా. నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటని బండ్లకి అంతకుముందు సెస్సుతో కలిపి 29 శాతం, 31 శాతం పడేది, అది 18కి వచ్చింది. అంటే నెక్సాన్, వెన్యూ, ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ, కైలాక్ లాంటి చిన్న ఎస్‌యూవీల రేట్లన్నీ షోరూంలోనే బాగా దిగాయి. పెద్ద బండ్లకి సెస్సు తీసేసి 40 చేశారు. ఇక్కడ చాలామంది పట్టించుకోనిది ఒకటుంది, బ్రెజా కూడా నాలుగు మీటర్ల లోపు బండే కానీ ఇంజన్ 1462 సీసీ పెట్రోల్, అందుకని అది 18లోకి రాదు, 40లోనే ఉంది. దాని రేటు 45 నుంచి 40కి తగ్గినంత మేరకే తగ్గింది.

కొత్త బండి రేటు దిగితే సెకండ్ హ్యాండ్ రేటు కూడా దిగాలి. దిగింది కూడా, కానీ అమ్మేవాడి మనసులో దిగలేదు. "సార్ నేను కొన్నప్పుడు ఆన్ రోడ్ పదమూడు అయింది" అని మొదలుపెడతాడు. అప్పుడెంత అయిందనేది మీకెందుకు, ఇవాళ షోరూంకి వెళితే ఎంతవుతుంది అనేదే మీ లెక్క. రెండు మూడేళ్ళ బండికీ కొత్త బండికీ మధ్య గ్యాప్ ఇప్పుడు బాగా తగ్గింది, కొన్ని వేరియంట్లకి అయితే సెకండ్ హ్యాండ్ వాడు చెప్పే రేటు వింటే నవ్వొస్తుంది.

ఇక లోన్ చూడండి, మీరు లెక్కల మాస్టారో కాదో తెలీదు కానీ ఇది ఒకసారి కాగితం మీద వేసుకోండి. కొత్త కారుకి బ్యాంకు 9 శాతానికి ఇచ్చింది అనుకుందాం, పాత కారుకి వడ్డీ ఎప్పుడూ మూడు నాలుగు శాతం ఎక్కువే ఉంటుంది, 13 అనుకుందాం. క్రెటాకి మీ నాలుగున్నర పోను ఆరు లక్షలు లోన్, ఐదేళ్ళకి ఈఎంఐ దాదాపు 13,650. కొత్త బండి ఆన్ రోడ్ పదకొండు అయితే లోన్ ఆరున్నర, దానికి ఈఎంఐ దాదాపు 13,490. చూశారా, యాభై వేలు ఎక్కువ అప్పు తీసుకున్నా నెల కిస్తీ తక్కువే వస్తుంది. ఐదేళ్ళలో వడ్డీ దానికి దాదాపు రెండు లక్షల ఇరవై వేలు, దీనికి లక్షా అరవై. మీ గవర్నమెంట్ జీతానికి కొత్త కారు లోన్ మంచి రేటుకే వస్తుంది, మీ జీతం పడే బ్యాంకులో ముందు అడగండి, షోరూంలో కూర్చున్న ఫైనాన్స్ అబ్బాయి దగ్గర తర్వాత అడగండి.

ఇప్పుడు ఆ ఏపీ 39 సంగతి. 2014 జూన్ 2 కంటే ముందు ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్టర్ అయిన ఏపీ నంబర్ వేరు, 2020లో అయింది మనకి పూర్తిగా వేరే రాష్ట్రం బండే. అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తెచ్చి, ఇక్కడ బండి వయసు స్లాబ్ ప్రకారం లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టి, నంబర్ మార్చుకోవాలి. చిన్న మొత్తం ఏమీ కాదు, ఖమ్మం ఆర్టీఏ ఆఫీసులో బండి వివరాలు చెప్పి ముందే లెక్క కట్టించుకోండి, ఆ అంకె పదిన్నరకి కలపండి. "అందరూ ఏపీ నంబర్‌తోనే తిరుగుతున్నారు, ఏం కాదు" అని కన్సల్టెన్సీ వాళ్ళు చెప్తారు, ఎందుకంటే కట్టేది వాళ్ళు కాదు కాబట్టి. ఏడాది దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే నంబర్ మార్చుకోవాలని మోటార్ వెహికల్స్ చట్టం 47వ సెక్షన్‌లోనే ఉంది, పైగా మీరు ప్రభుత్వ ఉద్యోగి. దానికి తోడు 68 వేలు తిరిగింది అంటున్నారు, టైర్లు ఇప్పటికే మార్చి ఉండకపోతే మీరే మార్చాలి, నాలుగూ కలిపి ముప్పై వేలు దాటుతాయి. బ్యాటరీ, క్లచ్ సంగతి తర్వాత. ఇవన్నీ కలిపితే పదిన్నర బండి పన్నెండు వైపు పోతుంది.

ఆ నంబర్‌లో నన్ను ఇంకోటి కూడా ఆపుతుంది. 2024 సెప్టెంబర్ ఒకటో తారీఖు మీకు నేను గుర్తు చెయ్యక్కర్లేదు, మున్నేరు మీ ఖమ్మంలోకి ఎలా వచ్చిందో మీరే చూశారు. అదే రోజుల్లో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు కాలనీలే రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి, ఇళ్ళ ముందు పెట్టిన కార్లతో సహా. ఆ బండ్లన్నీ తుక్కుకి పోలేదండీ. కడిగి, ఆరబెట్టి, సీట్ కవర్లు మార్చి, ఊరు మార్చి అమ్మినవి ఉంటాయి. మీ బావమరిది చూసింది అలాంటిదే అని నేను అనట్లేదు, అసలు అది విజయవాడ బండో విశాఖ బండో కూడా నాకు తెలీదు, ఏపీ 39 రాష్ట్రం మొత్తానికీ ఒకటే సిరీస్ కదా. కానీ చూడకుండా మాత్రం కొనకూడదు.

ఎలా చూడాలంటే, డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగండి, మామూలుగా మనం పెట్టుకునేంత వరకు కాదు, ఇంక రాదు అనేదాకా. బండి లోపల ఎంత షాంపూ పెట్టి కడిగినా ఆ రీల్ లోపల చుట్టుకున్న బెల్టు ఎవడూ పూర్తిగా బయటికి తీసి కడగడు. ఆ చివరి జానెడు ముక్క మీద బురద రంగు గీత, బిరుసుతనం, ముక్కిపోయిన వాసన ఉంటే ఇంకేం మాట్లాడకుండా తాళం ఇచ్చేసి వచ్చెయ్యండి. తర్వాత ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి కింద పట్టాలు, బోల్టులు ఫోన్ లైట్ వేసి చూడండి, ఆరేళ్ళ బండిలో అక్కడ తుప్పు ఉండటానికి కారణం లేదు. డిక్కీలో స్టెప్నీ ఎత్తి ఆ గుంటలో చూడండి. స్టీరింగ్ కింద ఫ్యూజ్ బాక్స్ మూత తీసి, పచ్చగా చిలుము పట్టిందేమో చూడండి. ఇదంతా పది నిమిషాల పని, కన్సల్టెన్సీ వాడు మొహం చిట్లిస్తాడు, చిట్లించనివ్వండి.

కాగితాల్లో కూడా దొరుకుతుంది. ఇన్సూరెన్స్ పాలసీ కాపీ అడగండి, దాంట్లో ఎన్‌సీబీ అని ఉంటుంది, నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే 20 శాతం, అలా పెరుగుతూ ఐదేళ్ళకి 50 దాకా వస్తుంది. ఒకే ఓనర్ ఆరేళ్ళు వాడిన బండికి ఎన్‌సీబీ సున్నా అనో ఇరవై అనో ఉంటే ఈ మధ్యే ఏదో క్లెయిమ్ అయిందనే అర్థం, దేనికయిందో చెప్పాల్సింది వాళ్ళు. (ఆ ఎన్‌సీబీ మీకు రాదు, అది ఓనర్‌ది, బండిది కాదు. అందుకే మీ పేరు మీదకి మారగానే ప్రీమియం ఎక్కువ పడుతుంది. బండి పేరు మారిన 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కూడా మార్పించుకోవాలి, చాలామంది రెన్యువల్‌కి మార్చుకుందాంలే అని వదిలేస్తారు, మధ్యలో ఏమన్నా అయితే సొంత డ్యామేజీ క్లెయిమ్ ఇరుక్కుపోతుంది.) అలాగే కంపెనీ సర్వీస్ సెంటర్‌కి బండి నంబర్ చెప్తే సర్వీస్ హిస్టరీ తీస్తారు, దాంట్లో ప్రతి సర్వీసుకీ రీడింగ్ ఎంత ఉందో ఉంటుంది. 2023లోనే 80 వేలు ఉండి ఇప్పుడు 68 ఉంటే మీటర్ వెనక్కి తిప్పినట్టే కదా. డాక్టర్ గారు వాడిన బండి, క్లినిక్‌కి ఇంటికి తప్ప తిరగలేదు అనే మాట ప్రతి కన్సల్టెన్సీలో వింటాం, ఈ రాష్ట్రంలో డాక్టర్లు అన్ని కార్లు అమ్మారా అని నాకు అనుమానం.

డీజిల్ గురించి. మీ ఏడు వందల కిలోమీటర్లకి డీజిల్ బండి వల్ల మిగిలేది, మైలేజీ తేడా రేటు తేడా రెండూ కలిపి చూసినా, నెలకి పదిహేను వందల లోపే. అదేమీ చెడ్డ మొత్తం కాదు, కాకపోతే మీ తిరుగుడు ఎలాంటిదంటే ఇంటి నుంచి స్కూలు, స్కూలు నుంచి బజారు, ఇంజన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆపేస్తారు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. అది ఆ మసిని తనంతట తానే కాల్చుకోవాలంటే బండి హైవే మీద కాసేపు ఆగకుండా పోవాలి. ఎప్పుడూ వైరా రోడ్డు ట్రాఫిక్‌లోనే తిరిగితే అది నిండిపోయి లైటు వెలుగుతుంది, ఆ తర్వాత వర్క్‌షాప్ చుట్టూ తిరగాలి. డీపీఎఫ్ ఒకటో, ఇంజెక్టర్ల సెట్టో పోయిందంటే డీజిల్ మీద ఏళ్ళ తరబడి మిగిల్చింది ఒక్క బిల్లులో పోతుంది. నెలకి రెండు వేల కిలోమీటర్లు తిరిగేవాళ్ళు, వారంవారం హైదరాబాద్ విజయవాడ పోయేవాళ్ళు డీజిల్ తీసుకోవాలి, మీరు పెట్రోల్.

సరే కొత్తదాంట్లో ఏది? మీ ఇంట్లో ఈ విషయం తేల్చాల్సింది మీరూ కాదు, నేనూ కాదు, మీ అమ్మగారు. ఆదివారం షోరూంలో రద్దీ, మామూలు రోజు సాయంత్రం ఆవిడని తీసుకెళ్ళండి, వెనక డోరు తీసి కూర్చోమనండి, మీరు పట్టుకోకండి. ఎత్తు కరెక్ట్‌గా ఉన్న బండి అయితే ఆవిడ మొదట సీటు మీద కూర్చుని తర్వాత కాళ్ళు లోపలికి తీసుకుంటారు, ఎక్కడం దిగడం అనే పనే ఉండదు. ఆల్టోలో కిందికి పడినట్టు కూర్చోవాలి కాబట్టి మోకాళ్ళకి అంత బాధ. కొన్ని ఎస్‌యూవీలు మరీ ఎత్తు, వాటిలో కాలు ఎత్తి పెట్టాలి, అదీ కష్టమే. దిగేటప్పుడు డోరు కింద అంచు వెడల్పుగా ఉంటే కాలు దాన్ని దాటించాలి, చీరతో ఇంకా ఇబ్బంది, పైన పట్టుకోడానికి హ్యాండిల్ ఉందో లేదో చూడండి. ఇదంతా బ్రోచర్‌లో ఉండదు. తర్వాత ఆవిడ పక్కన పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చూడండి, చిన్న పాపకి చైల్డ్ సీటు పెడితే (పెట్టండి దయచేసి, దాన్ని బిగించడానికి ఐసోఫిక్స్ హుక్కులు ఉంటాయి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని పోవద్దు) ముగ్గురికీ చోటు సరిపోతుందా, మధ్య సీటుకి భుజం మీద నుంచి వచ్చే బెల్టు ఉందా, వెనక ఏసీ ఉందా. మే నెలలో ఖమ్మం ఎండ మీకు తెలిసిందే.

బండ్ల సంగతి నా అభిప్రాయం చెప్తా. 3ఎక్స్ఓ వీల్‌బేస్ (ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం) 2600 మిల్లీమీటర్లు, నెక్సాన్, బ్రెజా, వెన్యూ 2500 దగ్గర ఉంటాయి, వెనక కాళ్ళ చోటు ఆ తేడాలో కనపడుతుంది, మీ ఇంటికి నేను మొదట చూడమనేది అదే. డిక్కీ మరీ పెద్దదేం కాదు. నెక్సాన్ 120 హార్స్‌పవర్ టర్బో, 382 లీటర్ల డిక్కీ, ఊరి నుంచి బియ్యం మూట, మామిడికాయలు వేసుకురావడానికి బాగుంటుంది. రెండూ మూడు సిలిండర్ల ఇంజన్లే, స్టార్ట్ చేసి నిలబెట్టినప్పుడు కొంచెం వణుకు తెలుస్తుంది, కొందరికి పడదు. రెండూ భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో ఐదు స్టార్లు తెచ్చుకున్నాయి. పోల్చి చూస్తే మీ బావమరిది చెప్పే ఆ తరం క్రెటాకి 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఇచ్చింది మూడే, ఈ మాట ఆయనతో చెప్పండి, డబ్బా ఏదో తేలుతుంది. బ్రెజా ఇంజన్ నాలుగు సిలిండర్లు, స్మూత్, గొడవలేని బండి, పల్లెటూళ్ళో కూడా మెకానిక్ దొరుకుతాడు, జీఎస్టీ దెబ్బ వల్ల మీ బడ్జెట్‌లో కింది వేరియంట్లే వస్తాయి. వెన్యూ 1.2 మామూలు పెట్రోల్ ఊళ్ళో హాయిగా ఉంటుంది, ఐదుగురూ సామానూ ఎక్కి సూర్యాపేట రోడ్డు మీద గ్రానైట్ లారీని దాటాలంటే మాత్రం గేర్ దించి కాస్త ఓపిక పట్టాలి. కైలాక్ నడపడానికి భలే ఉంటుంది కానీ మీకు దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఎక్కడుందో ముందు చూసుకోండి. పైన సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్ చూసి పిల్లలు మారాం చేస్తారు, దానికోసం పై వేరియంట్‌కి పోవద్దు.

ఎందుకు పోవద్దంటే మన తెలంగాణలో ఎక్స్ షోరూం పది లక్షలు దాటగానే లైఫ్ ట్యాక్స్ శాతమే మారిపోతుంది. ఐదు నుంచి పది లక్షల దాకా 14 శాతం, ఆపైన ఇంకా మూడు నాలుగు శాతం ఎక్కువ, అదీ పది దాటిన భాగం మీద కాదు, మొత్తం ధర మీద. దాంతోపాటు పది దాటితే ఒక శాతం టీసీఎస్ (షోరూం వాళ్ళే ముందుగా వసూలు చేసే ఇన్‌కమ్ ట్యాక్స్) కూడా పడుతుంది, అది ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో వెనక్కి వస్తుంది కానీ ముందు కట్టాలిగా. 9.95 బండికీ 10.05 బండికీ ధరలో తేడా పది వేలు, ఆన్ రోడ్‌లో తేడా నలభై వేలు దాటుతుంది. 9.3 లక్షల దగ్గర ఒక మధ్య వేరియంట్ చూసుకుంటే ట్యాక్స్ లక్షా ముప్పై, ఇన్సూరెన్స్ కలిపి పదకొండు లక్షలు, మీకు చెప్పిన ఈఎంఐ లెక్క దీనికే.

ఇంకోటి, ఇది మర్చిపోతే డబ్బులు పోతాయి. మీ పేరు మీద ఆల్టో ఉండగా రెండో కారు రిజిస్టర్ చేస్తే రెండో వాహనం అని లైఫ్ ట్యాక్స్ ఇంకో రెండు శాతం వేస్తారు, అంటే దాదాపు 18,600. ఆల్టోని ముందు అమ్మి, సీ బుక్‌లో పేరు మారిందని ఆన్‌లైన్‌లో కనపడ్డాక కొత్తది రిజిస్టర్ చేయించండి. ఎక్స్చేంజ్‌లో ఇస్తే పేరు ఎప్పుడు మారుస్తారో షోరూం వాడి చేత రాయించుకోండి, లేకపోతే ఆ ఆల్టో ఎవడో తిప్పుతుంటాడు, చలానాలు మీ ఫోన్‌కి వస్తుంటాయి.

షోరూంలో బిల్లు చేతికిచ్చాక ఎక్స్ షోరూం, ట్యాక్స్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్ తప్ప ఇంకేం రాసినా అదేంటని అడగండి. హ్యాండ్లింగ్ ఛార్జీలు అంటే కట్టనని చెప్పండి. ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గరే తీసుకోవాలని రూలేం లేదు, బయట కొటేషన్ తెచ్చి చూపిస్తే వాళ్ళదీ తగ్గుతుంది, జీరో డిప్రిసియేషన్ (పార్టులు పాతబడ్డాయని క్లెయిమ్‌లో కోత పెట్టని కవర్) మాత్రం తీసుకోండి. డెలివరీకి ముందు యార్డుకి వెళ్ళి మీకిచ్చే బండినే చూడండి, తయారైన నెల చూడండి, టైర్ల మీద నాలుగంకెల కోడ్‌లో ఏ వారం ఏ సంవత్సరం అనేది ఉంటుంది అదీ చూడండి, అన్నీ బాగుంటేనే మిగతా డబ్బు.

ఒకవేళ పదమూడున్నర వేల కిస్తీ పిల్లల ఫీజులతో కలిపి బరువనిపిస్తే, అప్పుడు సెకండ్ హ్యాండ్‌కి రండి, కానీ క్రెటా కాదు. ఇవే చిన్న ఎస్‌యూవీల్లో 2023 ఏప్రిల్ తర్వాత తయారైన పెట్రోల్ మాన్యువల్, టీజీ లేదా టీఎస్ నంబర్, ఒకే ఓనర్, నలభై వేల లోపు తిరిగింది. ఆ నెల ఎందుకంటే అప్పటి నుంచి వచ్చిన బండ్లు ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌ని తట్టుకునేలా తయారు చేస్తున్నారు, ఇప్పుడు ఏ బంకులో పోయించుకున్నా అదే కదా. ఖమ్మంలోనే మీ స్కూల్లోనో బంధువుల్లోనో ఎవరన్నా అమ్ముతుంటే అదే మొదట చూడండి, బండి ఎవరు ఎలా నడిపారో మీ కళ్ళ ముందే ఉంటుంది. దాని మీద లోన్ ఉంటే ఫైనాన్స్ వాళ్ళ ఎన్‌ఓసీ, ఆర్‌సీలోంచి లోన్ తీసేయించే ఫారం 35 చేతికొచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. మూడేళ్ళ బండికి, ఇవాళ్టి ఆన్ రోడ్ ధరలో మూడో వంతు తగ్గకపోతే నేనైతే కొనను, లేచి వచ్చేస్తా.

భద్రాచలం సంగతి. తీసుకెళ్ళండి, ఏం కాదు. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఒకే స్పీడులో గంటల తరబడి పోకుండా, ఇంజన్‌ని మరీ అరిపించకుండా పోతే చాలు, కొత్తగూడెం పాల్వంచ మీదుగా ఆ రోడ్డులో ఎలాగూ ఒకే స్పీడులో పోలేరు. మధ్యలో టీకి ఆపండి, అమ్మగారికీ మోకాళ్ళు సాగుతాయి. పర్మినెంట్ నంబర్ రాకపోతే టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) కాగితం, ఇన్సూరెన్స్ ఫోన్‌లో పెట్టుకోండి, బయల్దేరే ముందు టైర్లలో గాలి చూయించండి, యార్డులో నిలబెట్టిన బండికి షోరూం వాళ్ళు చాలాసార్లు ఎక్కువ గాలి కొట్టి ఇస్తారు.